కెనడా తోళ్ల వర్తకమున ఆదివాసి స్త్రీలు

1670లో ఆంగ్ల రాజశాసనముచే వెలసిన హడ్సన్ బే కంపెనీ ఉత్తర కెనడా తీరమున కోటలు నిర్మించినప్పుడు, లండన్ నగరమందలి దాని అధిపతులు తమ ఉద్యోగులు ఆదివాసి స్త్రీలతో సంపర్కము పెట్టుకొనరాదని ఆజ్ఞాపించిరి. ఆ ఆజ్ఞ కోటలలో నిలువలేదు. ఏలయన, మంచుపై నడచుటకు వలయు చట్రపు చెప్పులకు వల అల్లునదియు, ఎండుమాంసమును దంచి క్రొవ్వుతో కలిపి పెమ్మికన్ అను ఆహారమును సిద్ధపరచునదియు, పచ్చితోళ్లను పదును చేయునదియు, భాష తెలియని వర్తకునికి దుబాసియై నిలుచునదియు స్త్రీయే.

1713లో క్రీ జాతివారికి బందీగా చిక్కిన థనడెల్తుర్ అను చిపెవ్యాన్ యువతి, తప్పించుకొని మరుసటి యేట యార్క్ ఫ్యాక్టరీ కోటను చేరి, 1715లో కంపెనీ ఉద్యోగి విలియం స్టూవర్టుతోను క్రీ బృందముతోను బయలుదేరి, ఆకలిచే ఆ బృందము చెల్లాచెదరైనను వెనుదీయక, తానొక్కతెయే ముందుకేగి స్వజనులను వెదకి తెచ్చి, చిరకాలవైరులకు సంధి కుదిర్చెను. 1717లో ఆమె మరణించినప్పుడు కోటాధిపతి జేమ్స్ నైట్ ఆమె స్థైర్యమును తన దినచర్యలో కొనియాడెను. ఆమెను కోటవారి సహాయకురాలని కాక, రాయబారియని స్మరించుటయే న్యాయము.

మాంట్రియాల్ వర్తకుల నార్త్ వెస్ట్ కంపెనీ ఆదివాసి స్త్రీలతో తన వర్తకుల పొత్తులను బాహాటముగనే ప్రోత్సహించెను. వధువు తల్లిదండ్రుల సమ్మతి గొని, కానుకలిచ్చి జరుపుకొను దేశాచార వివాహము వర్తకునికి బంధుబలమును, ఆ బంధువులకు కోటలోని సరకులయందు చొరవను కలిగించెడిది. ఈ వివాహముల సంతతి నుండియే కాలక్రమమున మెటీ జాతి రూపొందెను.

1821లో రెండు కంపెనీలును ఏకమైన పిమ్మట, మతబోధకులును శ్వేతకుటుంబములును పెరిగిన కొలది, దేశీయ భార్యల గౌరవము సన్నగిల్లెను. కంపెనీ గవర్నరు జార్జి సింప్సన్ 1830లో ఇంగ్లండు నుండి వధువును తెచ్చుకొని, తన బిడ్డల తల్లియైన మిశ్రసంతతి స్త్రీ మార్గరెట్ టేలరును వేరొకనికిచ్చి పెండ్లి చేయించెను. 1803లో సుజాన్ అను క్రీ కన్యను చేపట్టి, సుమారు మూడు దశాబ్దములు కాపురము చేసిన తోళ్ల వర్తకుడు విలియం కానొలీ, 1832లో మాంట్రియాల్‌లో జూలియా వుల్‌రిచ్‌ను పరిణయమాడెను. సుజాన్ గతించిన పిదప ఆమె కుమారుడు న్యాయస్థానమునకెక్కగా, 1867లో న్యాయమూర్తి మాంక్ ఆ క్రీ వివాహము ధర్మబద్ధమని తీర్పు చెప్పెను. ఆ తల్లికి బ్రతికియుండగా దక్కవలసిన తీర్పది!

రెండేండ్లలోనే, 1869 నాటి శాసనము, ఆదివాసి కాని వానిని పెండ్లాడిన ఆదివాసి స్త్రీకి జాతిహక్కులు లేకుండ చేసెను. 1876 నాటి ఇండియన్ చట్టము దానిని స్థిరపరచెను. ఆదివాసిని పెండ్లాడిన శ్వేతవనితకు మాత్రము ఆ హక్కులు సంక్రమించినవి. ఈ అన్యాయముపై పోరాడిన ఆదివాసి స్త్రీ జెనెట్ లవెల్ సర్వోన్నత న్యాయస్థానమున 1973లో ఓడిపోయెను. మరొక ఆదివాసి స్త్రీ సాండ్రా లవ్‌లేస్ ఐక్యరాజ్యసమితి మానవహక్కుల సంఘమునకు మొరపెట్టుకొనగా, 1981లో దోషము కెనడాదేయని తేలెను. 1985లో గాని ఆ నిబంధన తొలగలేదు. అప్పటికిని ఆ స్త్రీల మనుమలకు, పురుషుల మనుమలతో సమానమైన హక్కు చేకూరలేదు.