బల్లి నెత్తుటిలో దొరకిన పేరు

మన పంచాంగములలో బల్లిపాటు ఫలములకు చోటుండుట పరిపాటి. బల్లి శిరస్సుపై పడిన నేమగును, భుజముపై పడిన నేమగును అని మనవారు విచారించిరి. దాని నెత్తుటిలో నేమున్నదో విచారింపలేదు. ఆ విచారణ మన పొరుగుననే, సింహళములో జరిగినది.

1880లో లావెరాన్ అల్జీరియాలో మనుష్యుని నెత్తుట మలేరియా జీవిని కనుగొనెను. 1897లో రాస్ మన సికింద్రాబాదులో దానిని దోమ కడుపున పట్టెను. ఎలుకలపై నుండు చిన్న పురుగులు ప్లేగును వ్యాపింపజేయునని 1898లో కరాచీలో చూపిన ఫ్రెంచి వైద్యుడు సిమోండ్, 1901లో హిందూదేశపు తాబేటి రక్తమున ఒక క్రొత్త జీవిని వర్ణించెను.

అటుపై కొలంబో వంతు వచ్చినది. ఆఫ్రికాలో అతినిద్రా రోగమునకు కారణమైన జీవిని రోగులయందు చూచి వచ్చిన ఇటలీ వైద్యుడు కాస్టెల్లానీ, కొలంబో మ్యూజియము అధిపతి విల్లీ కలిసి సింహళ జంతువుల రక్తమును పరీక్షించిరి. చెట్ల మ్రాకులపై తిరుగు ఒక బల్లియందు వారు చూచిన జీవికి, 1904లో మ్యూజియము పత్రికయందు, సిమోండ్ గౌరవార్థము 'హీమోసిస్టిడియమ్ సిమోండి' అని పేరిడిరి. ఆ బల్లి మన దక్షిణ దేశమునను గలదు.

క్రొత్త జీవి యని తేల్చుట సులభము కాదు. గాజుపలకపై నెత్తుటిబొట్టును పలుచగా పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శినితో చూడవలెను. బల్లి ఎఱ్ఱకణమునకు మన కణమునకు లేని కేంద్రకము గలదు. దానిని చూచి పరాన్నజీవియని భ్రమపడరాదు. మలేరియా జాతి జీవులు రక్తకణములలోనే చీలి పెరుగును. సిమోండి వంటివానికి రక్తమున స్త్రీపురుష బీజరూపములు మాత్రమే కానవచ్చును, కణమును తినగా మిగిలిన నల్లని రేణువులతో. పక్షులయందలి హీమోప్రోటియస్ లక్షణము కూడ నిదియే. కనుకనే తరువాతివారు పెక్కుమంది హీమోసిస్టిడియమ్ అను జాతినామమును త్రోసివైచి బల్లి జీవిని పక్షిజీవుల పద్దున వ్రాసిరి. కంటికి కనబడు పోలికనే నమ్మినచో అది న్యాయమే.

మూసిన ఫైలు మఱల బల్లపైకి వచ్చుట మా ఉద్యోగులకు వింత కాదు. ఈ ఫైలు తెఱచుటకు మాత్రము నూఱేండ్లకు పైగా పట్టినది. 2013లో తాబేళ్ల రక్తజీవుల జన్యుపదార్థమును పరీక్షించిన పండితులు అవి పక్షిజీవులకంటె వేఱని చూచి హీమోసిస్టిడియమ్‌ను తిరిగి నిలిపిరి. బల్లుల జీవులతోపాటు తాబేళ్ల జీవులను కూడ ఆ జాతిలోనే చేర్చిరి. సిమోండ్ పని మొదలుపెట్టినది తాబేటితోనే గదా!