పెద్దబడి లేని మన అక్షరాలు

ఇంగ్లీషుకు పెద్దబడి, చిన్నబడి ఉన్నాయని మనం చిన్న తరగతుల్లోనే నేర్చుకున్నాం. తెలుగుకూ తమిళానికీ ఆ గొడవ లేదు. రోమన్లు రాళ్ళ మీద చెక్కింది పెద్దబడి. చిన్నబడి క్రీ.శ. 800 ప్రాంతంలో, షార్లమేన్ చక్రవర్తి కాలపు రాతలో కుదురుకుంది.

కంప్యూటరుకు కూడా ముందు పెద్దబడే వచ్చింది! 1963లో అమెరికాలో తయారైన ఆస్కీ పట్టికలో చిన్నబడి లేదు, 1967లో చేర్చారు. కంప్యూటరుకు అక్షరమంటే ఒక అంకె. పెద్ద 'ఎ' 65, చిన్న 'ఎ' 97. మనకు ఒకటే అయినా దానికి రెండు.

డేటాబేసులో ప్రతి పట్టికకూ, ప్రతి గడికీ ఒక పేరు ఉంటుంది. ఆ పేరును కొటేషన్ గుర్తులు లేకుండా రాస్తే ఒరాకిల్ పెద్దబడిలోకి, పోస్ట్‌గ్రెస్ చిన్నబడిలోకి మార్చుకుంటాయి. యూనికోడ్ వాడేటప్పుడు పోస్ట్‌గ్రెస్ మార్చేది ఇంగ్లీషు 26 అక్షరాలనే. ఫ్రెంచి వాళ్ళ గీత పెట్టిన 'ఇ' ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. అది మంచిదే అనిపిస్తుంది నాకు. ఎందుకంటే 1928లో లాటిన్ లిపికి మారిన టర్కీలో చుక్క ఉన్న 'ఐ' వేరు, చుక్క లేని 'ఐ' వేరు. అందరికీ ఒకే సూత్రం పెడితే వాళ్ళ మాటలు చెడిపోతాయి.

మరి మనకు చిక్కే లేదా? ఉంది. 1991లో వచ్చిన యూనికోడ్‌లో తెలుగుకు చోటు దొరికింది. అందులో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయవచ్చు, లేదా ఎత్వం పెట్టి దాని కింద ఇంకో గుర్తు చేర్చీ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకటే. 'వైష్ణవి' అని వెతికితే రెండో రకంగా ఎక్కించిన వైష్ణవి దొరకకపోవచ్చు. ఇంకో ఇబ్బంది, పోస్ట్‌గ్రెస్‌లో గడి పేరుకు 63 బైట్లే హద్దు. తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు కాబట్టి, గుణింతాలతో కలిపి 21 గుర్తులకే సరి.

మా వైపు ఇది మరీ ముఖ్యం. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలో ఉండేది, ఆ రోజు మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఇక్కడ మన పేర్లు తమిళంలోనూ, ఇంగ్లీషులోనూ రాస్తారు. తమిళంలో 'క', 'గ' రెంటికీ ఒకే అక్షరం, కాబట్టి గీతను కీత అని కూడా చదవవచ్చు. అందుకే పేర్ల పట్టికలో తెలుగు గడి కూడా ఒకటి ఉండాలంటాను. పోల్చే ముందు ఐత్వాలన్నిటినీ ఒకే రూపంలోకి మార్చాలి. దీన్ని నార్మలైజేషన్ అంటారు, పైథాన్‌లో ఒకటి రెండు లైన్ల పని.