అరవై అయిదో బ్యాచ్

2022 అక్టోబరులో మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక వార్త తెగ తిరిగింది. డాలస్‌లో జరిగిన జింకానా సమావేశంలో డాక్టర్ ఉమా గవిని అనే ఆవిడ, గుంటూరు పెద్దాసుపత్రిలో తల్లీబిడ్డల విభాగం భవనానికి 20 కోట్లు ఇస్తానన్నారట. మా పెద్దమ్మ వరసగా దండాలు పెట్టింది. నేను మాత్రం ఆవిడ పేరు పక్కనున్న "1965 బ్యాచ్" దగ్గరే ఆగిపోయాను.

జింకానా అంటే ఉత్తర అమెరికాలో ఉన్న గుంటూరు మెడికల్ కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం. ఇంగ్లీషు పొడి అక్షరాలు మనవాళ్ళ నోట్లో నలిగి అలా తేలాయి. డాక్టర్ల సంఘం ఏదైనా బెంగ ఒకటే: కొత్తవాళ్ళు చేరరు, చేరినవాళ్ళు చందా కట్టడం మానేస్తారు. కానీ ఈ సంఘానికి మనుషుల్ని పోగుచేసి పెట్టింది అమెరికా చట్టాలు.

కాలేజీ పుట్టింది 1946లో. ఆ ఏడాదే అమెరికా భారతీయులకి వలస కోటా ఇచ్చింది. ఎంతనుకున్నారు? దేశం మొత్తానికి ఏడాదికి 100 మంది. 1965లో జాన్సన్ సంతకంతో ఆ దేశాలవారీ కోటాల పద్ధతి పోయింది. మెడికేర్ వచ్చిందీ అప్పుడే. అక్కడ డాక్టర్లు చాల్లేదు. గుంటూరులో చదివినవాళ్ళకి తలుపు బార్లా తెరుచుకుంది. 1976లో, డాక్టర్ల కొరత తీరిందంటూ ఇంకో చట్టంతో ఆ తలుపు సగం మూశారు. మధ్యలో ఉన్నది ఒక్క పదేళ్ళు. భారత సంతతి వైద్యుల పెద్ద సంఘం ఆపీ 1982లో మొదలయ్యేనాటికి ఆ తరం అక్కడ స్థిరపడిపోయింది.

సరే, చేరడం సంగతి అది. నిలబడటం? "ఏ బ్యాచ్?" అన్న ప్రశ్నే అక్కడ సగం పని చేస్తుందని నా అనుమానం. మిగతా సగం ఆ వార్డులది. తెల్లదోమ పత్తిని తినేసిన 1987 నాటి రోజుల్ని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. పర్చూరు వైపు నుంచి పురుగుమందు తాగినవాళ్ళని ట్రాక్టర్లో వేసుకుని రాత్రికి రాత్రి గుంటూరు పరిగెత్తేవాళ్ళు. తెల్లార్లూ పక్కన కూర్చుని, కంటిపాప చూసి, నాడి చూసి అట్రోపిన్ ఎక్కించింది హౌస్‌సర్జన్లే. చెయ్యి తిరిగింది ఈ మిరప, పత్తి రైతుల ఒంటి మీద. ఆ చెయ్యి తర్వాత ఎక్కడో పనికొచ్చింది.

"మన డబ్బుతో చదివి ఎగిరిపోయారు, ఇప్పుడు దానం చేస్తే గొప్పా?" అని మా బాబాయి గ్రూపులో పెట్టాడు. ఆయన అన్నది పూర్తిగా తప్పని నేననను. ఒక తరం డాక్టర్లు పోయారు, భవనం వచ్చింది. రెండూ ఒకటి కావు. అయినా పిల్లలు లేని ఆవిడ, భర్త పోయాక, తన పేరు కూడా వద్దని డాక్టర్ కానూరి రామచంద్రరావు పేరుకి మాత్రం ఒప్పుకోవడం చూసి నోరు మెదపలేకపోయాను.

మా పిన్ని కూతురు అదే కాలేజీలో హౌస్‌సర్జన్. నువ్వూ జింకానాలో చేరతావా అని అడిగాను.

"అది వెళ్ళినవాళ్ళకి కదక్కా," అంది. "నేను నీట్ పీజీకి చదువుతున్నా. సీటొస్తే హైదరాబాదు. ఇప్పుడు పెట్టేస్తా, నైట్ డ్యూటీ ఉంది."