సోషియోనిక్స్‌లో ఉపరకాలు

సోషియోనిక్స్ మనుషుల స్వభావాలను 16 రకాలుగా విడదీసే సిద్ధాంతం. కార్ల్ యూంగ్ ఆలోచనలను ఆధారం చేసుకుని లిథువేనియాకు చెందిన అవుష్రా అవుగుస్తినావిచ్యూతె 1970లలో దీన్ని రూపొందించారు. అయితే ఒకే రకానికి చెందినవారని తేలిన ఇద్దరి నడవడిలో కూడా చాలా తేడా కనిపిస్తుంది. ఆ తేడాను వివరించడానికి వచ్చినవే ఉపరకాలు. వీటిలో కీవ్‌కు చెందిన విక్తర్ గులెంకో ప్రతిపాదించిన నాలుగు ఉపరకాల పద్ధతి బాగా ప్రచారంలో ఉంది.

ఈ పద్ధతిలో ఉపరకాన్ని మూడు ద్వంద్వాలతో నిర్ణయిస్తారు. మొదటిది, మనిషి ఇతరులతో చొరవగా కలుస్తాడా, ఎడంగా ఉంటాడా అన్నది. రెండోది, పట్టిన పని ముగిస్తాడా, కొత్తవి మొదలుపెడుతూ పోతాడా అన్నది. పరిసరాల్లో వచ్చే మార్పులకు స్పందిస్తాడా, వాటిని పట్టించుకోడా అన్నది మూడోది. చొరవ, ముగింపు, స్పందన కలిస్తే ఆధిపత్య ఉపరకం. చొరవ ఉండి, ఆరంభాల మీదే మోజుతో పరిసరాలను పట్టించుకోకపోతే సృజన ఉపరకం. ఎడంగా ఉంటూ, చుట్టూ ఏం మారినా చలించక పని పూర్తిచేసేది క్రమబద్ధ ఉపరకం. ఎడంగానే ఉన్నా మార్పులకు ఇట్టే స్పందిస్తూ, పనిని మాత్రం సగంలో వదిలేసేది సామరస్య ఉపరకం.

మూడు ద్వంద్వాలకు ఎనిమిది కలయికలు రావాలి కదా, నాలుగే ఎందుకు? మూడోది స్వతంత్రమైనది కాదు, మొదటి రెండింటి నుంచే పుడుతుంది. చొరవకు, ముగింపుకు, స్పందనకు +1, వాటి వ్యతిరేకాలకు −1 ఇస్తే, మొదటి రెండింటి లబ్ధమే మూడోదాని విలువ. ఈ పద్ధతిలో అన్నిటికన్నా విలువైన అంశం ఇదే. రెండు లక్షణాలు గమనిస్తే మూడోది ఎలా ఉండాలో ముందే తెలిసిపోతుంది, అంటే పరిశీలనను సరిచూసుకునే వీలు అందులోనే ఉంది. ఉదాహరణకు, ఒకరు చొరవ చూపుతారు, పనులు ముగిస్తారు, కానీ పరిసరాలను పట్టించుకోరు అని తేలితే అది ఏ ఉపరకంలోనూ ఇమడదు. మూడు పరిశీలనల్లో కనీసం ఒకటి తప్పయి ఉండాలి, లేదా ఈ వర్గీకరణే ఆ మనిషికి సరిపోదు. రెండో అవకాశాన్ని కొట్టిపారేయకూడదు.

16 రకాలకు నాలుగేసి ఉపరకాల చొప్పున మొత్తం 64 అవుతాయి. రకం స్థిరమని, ఉపరకం మాత్రం కాలంతో, పాత్రతో మారవచ్చని గులెంకో భావన. దీనివల్ల మనిషిని ఒక్కసారి చూసి ఉపరకం తేల్చడం కుదరదు. సోషియోనిక్స్‌ను ప్రధాన స్రవంతి మనస్తత్వశాస్త్రం ఆమోదించలేదు. ఉపరకాలను నిర్ధారించే ప్రామాణిక పరీక్ష కూడా లేదు.