బిడ్డకు బొంత, అల్లుడికి చెప్పులు

పోయిన భాగంలో వెట్టి గురించి రాశాను. అది చదివిన ఒక ఎం.ఏ. విద్యార్థిని క్లాసయ్యాక ఆగి అడిగింది: "సార్, మా తాతలు చేసిందంతా వెట్టేనా? ఇష్టంగా ఏదీ చేసుకోలేదా?" అప్పటికప్పుడు జవాబు దొరకలేదు. ఈ భాగం ఆ ప్రశ్నకే.

ముందు కాగితం మీద ఉన్నది చూద్దాం. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాటం మీద రాసిన పుస్తకం 1972లో వచ్చింది. అందులో వెట్టి రకాలు చెబుతూ తోలు పని ప్రస్తావన తెస్తారు. చెప్పులు, మోటకు కావలసిన తోలు సామాను, కాడెద్దులకు పట్టెలు అన్నీ మనవాళ్లే చేయాలి. మామూలు రైతులు వాటికి బదులుగా ఏడాదికింతని గింజలు కొలిచేవారు. దొర మాత్రం ఊరికే తీసుకునేవాడు.

ఈ "ఊరికే" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఎందుకంటే మా తాత తన ముగ్గురు అల్లుళ్లకు కూడా ఊరికే చెప్పులు కుట్టాడు. అదే ఆరె, అదే రంపె, అదే లంద. సున్నంలో నానబెట్టి వెంట్రుక తీయడం, తంగేడు చెక్క నీళ్లలో తోలును రోజుల తరబడి ఊరబెట్టడం, ఎవరి చెప్పుకైనా ఒకటే చాకిరీ. గింజ రాని పనే రెండూ. కానీ మా అమ్మ చెబుతుంది, దొరకు కుట్టేప్పుడు తాత నోరు మెదిపేవాడు కాదట, అల్లుడికి కుట్టేప్పుడు పక్కన పిల్లల్ని కూర్చోబెట్టుకుని కథలు చెప్పేవాడట. "దొరకు పొట్ట తోలు, అల్లుడికి వీపు తోలు" అని నవ్వేవాడట. వీపు తోలు మందంగా ఉంటుంది, తొందరగా అరగదు. దొరను నిజంగానే అంత మోసం చేశాడో, పిల్లల ముందు గొప్పకు చెప్పాడో నాకు తెలియదు. చేసి ఉంటే బాగుండు.

చెప్పులు కుడుతూ కథలు చెప్పుకోవడాన్ని మొదట పుస్తకానికి పేరుగా పెట్టింది ఒక అమెరికన్ మిషనరీ భార్య. ఒంగోలులో పనిచేసిన జాన్ క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో 'వైల్ సూయింగ్ శాండల్స్' అనే పుస్తకం వేసింది. చెప్పులు కుడుతుండగా అని అర్థం. ఒంగోలు చుట్టుపక్కల మాదిగల జీవితాలు, వాళ్లు చెప్పుకున్న కథలు అందులో ఉన్నాయి. ఉపశీర్షికలో మనల్ని "పరియా తెగ" అంది, అది ఆ కాలపు తెల్లవాళ్ల చూపు. అయినా మన చరిత్ర దొరికే చోటు పని చేసుకునే చోటేనని గుర్తించింది. మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలకు ఆ సంగతి తట్టడానికి చాలా కాలం పట్టింది. నేనూ అలాంటి శాఖలోనే పీహెచ్‌డీ చేశాను, కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది.

ఆ ప్రాంతంలోనే యెర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారి క్రైస్తవంలోకి వెళ్లి, తన వాళ్ల మధ్య ప్రచారం చేశాడు. మతం పుచ్చుకున్న వాళ్లకు పెట్టిన కట్టుబాట్లు మూడు: ఆదివారం పని చేయొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు, చచ్చిన గొడ్డును తినొద్దు. 1927 మార్చిలో మహాడ్ సభలో అంబేడ్కర్ కూడా చచ్చిన గొడ్డు మాంసం మానేయమని మహర్లకు చెప్పారు. దీన్ని పట్టుకుని "మీ అంబేడ్కరే వద్దన్నాడు కదా" అని నాతో వాదించిన వాళ్లున్నారు. ఆయన కాదన్నది కళేబరాన్ని ఈడ్చుకుపోవడమే నీ విధి, అదే నీ కూలి అనే బతుకును. అక్కడా ఉన్నది దొర "ఊరికే"నే.

మా ఇంట్లో దండెం మీద ఎండిన తునకల సంగతి వేరు. డబ్బులు పెట్టి పోగు కొనుక్కొచ్చేవాళ్లు. ఆ పూటకు వండుకోగా మిగిలింది సన్నగా, పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, ఎండలో ఆరేసేవాళ్లు. కాకుల్ని తోలడం పిల్లల పని, ఆ పనికి కూలి ఒక తునక. గలగలమనేదాకా ఎండాక కుండకెత్తి మూతికి గుడ్డ కట్టేవాళ్లు. వానాకాలం పనుల్లేనప్పుడు గోంగూరలో వేసినా, నిప్పుల మీద కాల్చి దంచినా ఇంటిల్లిపాదికీ సరిపోయేది. అయితే కుండలో సగం ఎప్పుడూ ఇంటిది కాదు. అత్తగారింట ఉన్న బిడ్డది. ఆ ఊరికి ఎవరు పోతున్నా ఒక గుడ్డ మూట వాళ్ల చేతికి వెళ్లేది. మూటలో ఏముందో బస్సులో ఎవరూ అడగకూడదని పైన నాలుగు మొక్కజొన్న కంకులు పెట్టేవాళ్లు.

మరాఠ్వాడా కూడా నిజాం రాజ్యమే. అక్కడి షాహు పాటోళే 2015లో మరాఠీలో 'అన్న హే అపూర్ణబ్రహ్మ' అనే పుస్తకం రాశారు. అన్నం పూర్ణబ్రహ్మం అనే మాటను "అపూర్ణ" అని తిప్పేశారు. మహర్, మాంగ్ ఇళ్ల వంటల్ని వండే తీరుతో సహా నమోదు చేశారు. మన తునకల్లాంటివే అక్కడ చాన్య. తెలుగులో అలాంటి పని మొదలు పెట్టాల్సింది మనమే. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో జరిగిన బీఫ్ ఫెస్టివల్‌ను హక్కు కోసం చేశాం, గొడవలయ్యాయి, అవి రికార్డుల్లో ఉన్నాయి. అమ్మ పంపిన తునకల డబ్బాను హాస్టల్ గదిలో చొక్కాల కింద దాచుకున్న వాళ్ల చరిత్ర మాత్రం ఎక్కడా రాయలేదు. ఆ అమ్మాయి ఆ రోజు చివర్లో చెప్పింది, తన డబ్బా మీద "చింతకాయ తొక్కు" అని చీటీ అంటించి ఉంటుందట.

ఇక బొంత. పురిటికి వచ్చిన బిడ్డ తిరిగి వెళ్లేలోపు అమ్మమ్మ బొంత పూర్తి కావాలి. నాలుగైదు పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, ముడత లేకుండా సాగదీసి, అంచు నుంచి లోపలికి వరస కుట్టు వేస్తూ వస్తుంది. చాలాసార్లు దారం కూడా చీర అంచులోంచి లాగిందే. పిల్లవాడి ఒంటికి తగిలే పొర అందరికంటే ఎక్కువ ఉతుకులు పడ్డ మెత్తటి చీర. దొరసాని పడేసిన చీర కూడా ఒకటి ఉండేది, కాదనడానికి లేదు. మా అమ్మమ్మ దాన్ని ఎప్పుడూ మధ్య పొరలోనే పెట్టేది. "అది వెచ్చదనానికే, కంటికి కాదు" అనేది.

తాత కుట్టిన చెప్పులు మా పెద్దమామ ఎన్నో ఏళ్లు తొడిగాడు. అడుగేస్తే కిర్రుమనేవి. కానీ మా ఊరికి వచ్చినప్పుడు గడి ముందు వాటిని విప్పి, చంకలో పెట్టుకుని నడిచేవాడు. తాత వాడ మొదట్లో నిలబడి ఎదురుచూసేవాడు, అల్లుడు మళ్లీ తొడుక్కుని కిర్రుకిర్రుమంటూ వచ్చేదాకా.

ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లే వాళ్లకు ఒక పని. మీ ఇంట్లో చేత్తో చేసిన వస్తువు ఒకటి తీసుకోండి, బొంతో, చాటో, తునకల కుండో. ఎవరు చేశారు, ఎవరికోసం, ఎన్ని రోజులు పట్టింది, దొరకు కూడా అదే చేసేవాళ్లా, తేడా ఏమిటి, అడిగి వాళ్ల మాటల్లోనే రాసుకురండి. వచ్చే భాగం మోట బొక్కెన గురించి.