కొత్తగా తెచ్చిన కుందేళ్లలో జీర్ణ రుగ్మతలు

పెంపుడు కుందేలును (ఒరిక్టోలాగస్ క్యునిక్యులస్) కొత్త ఇంటికి తెచ్చాక తొలి రెండు మూడు వారాల్లో మేత మానేయడం, పెంటికలు తగ్గడం, కడుపుబ్బరం, విరేచనాలు కనిపించవచ్చు. ఇవి ఒకే వ్యాధి లక్షణాలు కావు. అమ్మినవారు ‘కొత్త చోటు పడలేదు’ అని తేల్చేసే సందర్భాల్లో సాధారణంగా ప్రయాణపు బెదురు, మేత ఒక్కసారిగా మారడం, తల్లిపాలు ముందే మాన్పించడం కలిసి పనిచేస్తాయి. మన పొలాల్లో తిరిగే చెవులపిల్లి (లెపస్ నైగ్రికోలిస్) వేరే ప్రజాతికి చెందింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని పట్టి పెంచడాన్ని అనుమతించదు కనుక దాని సంగతి ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

జీర్ణక్రియ

కుందేలు వాంతి చేసుకోలేదు. తిన్నది ముందుకే సాగాలి, అలా సాగించేది ముతక పీచు. పెద్దపేగు మొదటి భాగం మేతను రెండుగా విడదీస్తుంది. ముతక పీచు గట్టి పెంటికలుగా బయటికి పోతుంది. సన్నని రేణువులు వెనక్కి మళ్లి, జీర్ణనాళం మొత్తంలో దాదాపు 40 శాతం చోటు ఆక్రమించే అంధనాళంలో చేరతాయి. అక్కడ సూక్ష్మజీవులు పులియబెట్టిన పదార్థం మెత్తటి గుత్తులుగా వెలువడగా, కుందేలు దాన్ని నేరుగా నోటితో అందుకుని తింటుంది. కొత్తగా పెంచేవారు దీన్ని విరేచనమని పొరబడడం తరచూ జరిగేదే. ఈ అలవాటును గుర్తించిన ఘనతను కొందరు 1939లో ‘నేచర్’ పత్రికలో రాసిన మాడ్సెన్‌కు ఇస్తారు. అయితే ఫ్రెంచి పశువైద్యుడు మోరో 1882లోనే దాన్ని వర్ణించాడు. 1939 నాటిది మరుగున పడినదాన్ని మళ్లీ వెలికితీయడం అనుకోవడమే సబబు.

కారణాలు

పాలు తాగే పిల్లల జీర్ణాశయంలో ఆమ్లత తక్కువ, పీహెచ్ సుమారు 5 నుంచి 6.5. పెద్దవాటిలో అది 1–2కు దిగి, మేతతో వచ్చే క్రిములను చంపుతుంది. పిల్లలకు ఆ రక్షణ తల్లిపాలలోని కొవ్వు ఆమ్లాల నుంచి దొరుకుతుంది. నాలుగు వారాలకే తల్లి నుంచి విడదీసిన పిల్లకు పాల రక్షణ పోతుంది, ఆమ్ల రక్షణ ఇంకా ఏర్పడదు. చిన్నవాటికే గిరాకీ ఎక్కువ కాబట్టి అంగడికి వచ్చేవి చాలావరకు ఈ ఈడువే. ఎనిమిది వారాలు నిండిన పిల్లను తెచ్చుకోవడం మేలని పశువైద్యుల సాధారణ సలహా.

ఆ దశలో బ్రెడ్డు, బిస్కెట్లు, అరటిపండు, గింజలు అతిగా పెడితే అరగని పిండిపదార్థం అంధనాళానికి చేరుతుంది. అక్కడ క్లాస్ట్రిడియం స్పైరోఫార్మే పెరిగి విషం వదిలితే పిల్ల ఒకటి రెండు రోజుల్లోనే చనిపోవచ్చు. ఐమీరియా జాతి పరాన్నజీవుల వల్ల వచ్చే కాక్సిడియోసిస్ కూడా ఇదే వయసులో తగులుతుంది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి పెంటికలను సూక్ష్మదర్శిని కింద చూడక తప్పదు. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండామైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు నోటి ద్వారా ఇస్తే మేలు చేసే సూక్ష్మజీవులు నశించి క్లాస్ట్రిడియం పెరిగే ఇదే ఉపద్రవం వస్తుంది. ఇంట్లో మిగిలిన పిల్లల సిరప్పు పోయడం అందుకే ప్రమాదం.

ఫ్రాన్సు ఫారాల్లో మొదట కనిపించిన అంటు ఎంటెరోపతీకి (పేగు వ్యాధికి) కొందరు 1996ను, కొందరు 1997ను ఆరంభంగా చెబుతారు. 1996 చివర మొదలై మరుసటి ఏడు వ్యాపించిందనేది రెంటికీ పొసగే కథనం. దాని కారక క్రిమిపై చర్చ ముగియలేదు.

వెంట్రుకల ఉండ వాదం

పాత పుస్తకాలు మేత మానేసిన కుందేలు కడుపులో వెంట్రుకల ఉండ అడ్డుపడిందని రాసి, అనాస రసం పట్టమనేవి. ఒళ్లు నాక్కునే జంతువు కడుపులో వెంట్రుకలు ఎప్పుడూ ఉంటాయి. పేగుల కదలిక మందగించి నీరు ఇంకిపోయినప్పుడే అవి గట్టిపడతాయి. అంటే ఆ ఉండ చాలావరకు ఫలితమే, కారణం కాదు. అనాసలోని బ్రొమెలైన్ వెంట్రుకల్లోని కెరటిన్‌ను కరిగించదు. నిజంగా అడ్డుపడే సందర్భాలూ లేకపోలేదు. 2012లో వెలువడిన ఒక బ్రిటిష్ పరిశీలన ప్రకారం రక్తంలో చక్కెర లీటరుకు 20 మిల్లీమోల్‌లు (సుమారు 360 మిల్లీగ్రాములు/డెసిలీటరు) దాటితే అడ్డంకిని అనుమానించాలి.

లక్షణాలు, చికిత్స

పళ్లు కొరకడం, మూలకు ముడుచుకుని కూర్చోవడం నొప్పికి గుర్తులు. పదీ పన్నెండు గంటలు మేత ముట్టకపోయినా, పెంటికలు ఆగినా అత్యవసరంగానే చూడాలి. మామూలు ఒంటి వేడి 38.5–40 డిగ్రీలు, అంతకంటే పడిపోతే పరిస్థితి విషమించినట్టే. చికిత్సలో ద్రవాలు, మెలాక్సికామ్ వంటి నొప్పి మందు, సిరంజితో పీచు మేత పట్టడం ప్రధానం. అడ్డంకి లేదని ఎక్స్‌రేలో తేలకముందు బలవంతంగా మేత పట్టకూడదు. కడుపుబ్బరానికి ఇచ్చే సిమెథికోన్ వాడుక విస్తృతమే గానీ అది పనిచేస్తుందనే ఆధారాలు పలుచన.

మేత

‘కుందేళ్లకు నీళ్లు పెట్టకూడదు’ అనే అపోహ మన అంగళ్లలో ఇంకా వినిపిస్తుంది. ఇది పూర్తిగా తప్పు. కిలో బరువుకు రోజుకు 50–150 మిల్లీలీటర్లు తాగే జంతువది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ తాగుతుంది. ఆహారంలో ముఖ్యభాగం ఎండుగడ్డి. దిగుమతి అయ్యే తిమోతి గడ్డి ఖరీదైనది. ఎండబెట్టిన గరిక, గినీ గడ్డి దానికి ప్రత్యామ్నాయాలు. వరిగడ్డిలో పీచు ఉన్నా పోషకాలు తక్కువ. లూసర్న్ ఎదిగే పిల్లలకు సరే గానీ, కాల్షియం ఎక్కువ కాబట్టి పెద్దవాటికి రోజూ తగదు. విరేచనాలకు పెరుగు తినిపించే అలవాటుకూ ఆధారం లేదు. పాత చోట తిన్న మేతనే కొంత వెంట తెచ్చి, వారం పది రోజుల పాటు కొత్తదానితో కలుపుతూ మార్చాలి.