మిర్చికి ముందు, మనిషికి తర్వాత

మే నెల మధ్యాహ్నం బయట 45 డిగ్రీలు ఉన్నప్పుడు కూడా గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి టిక్కీలు (బస్తాలు) పది డిగ్రీల లోపు చల్లదనంలో ఉంటాయి. ఎండకు కాయ రంగు చెడితే ధర పడిపోతుంది. అందుకే ఆ గోడలకు లోపలివైపు మందంగా థర్మాకోల్ పలకలు అంటించి ఉంటాయి. ఆ టిక్కీలను అక్కడికి చేర్చిన రైతు ఇంట్లో పడమటి గోడను మాత్రం రాత్రి పదింటికి తాకి చూసినా వెచ్చగానే తగులుతుంది. వేడిని ఆపే గోడ ఈ నేలమీద ముందు పంటకు దక్కింది. మనిషికి వేడిని ఆలస్యం చేసే గోడ ఒకప్పుడు ఉండేది, మధ్యలో పోయింది.

ఒకప్పుడు ఉన్నది మట్టిగోడ. అడుసు తొక్కి, వరిగడ్డి తునకలో ఊకో కలిపి, ఒక వరుస ఆరాక దానిమీద ఇంకో వరుస పెట్టుకుంటూ మూరెడు మందాన లేపేవారు. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు నెర్రెలు విచ్చుతుంది కనుక, అచ్చంగా దానితో కట్టిన గోడ నిలవదు. గడ్డి కలిపేది ఆ నెర్రెల్ని పట్టి ఉంచడానికే. దానివల్ల మరో మేలు కూడా జరిగేది. గడ్డిలో చిక్కుకున్న గాలి వేడిని అంత తేలిగ్గా దాటనివ్వదు. అయినా మట్టిగోడ అసలు బలం మందంలోనే ఉంది. అది వేడిని పూర్తిగా ఆపదు, ఆలస్యం చేస్తుంది. మధ్యాహ్నపు ఎండ లోపలి ముఖానికి చేరేసరికి ఏ తెల్లవారుజామో అవుతుంది, అప్పటికి బయట చల్లబడి ఉంటుంది. పైన సున్నం వేస్తే సగం ఎండ వెనక్కే పోతుంది. పిడుగురాళ్ల బట్టీలు ఉన్న సీమలో సున్నానికి కరువేముంది?

మాచర్లలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ 1958లో మొదలైంది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. కుడికాలువ కింద పత్తీ మిరపా చేతినిండా డబ్బు తెచ్చిన చోటల్లా పూరిళ్లు, పెంకుటిళ్లు పోయి డాబాలు లేచాయి. డాబా కట్టడం పరువు, దాన్ని తప్పుపట్టలేం. వానకు కారదు, నిప్పుకు అంటుకోదు. కానీ మూరెడు గోడ తొమ్మిదంగుళాలకు దిగింది, ఖర్చు కలిసొస్తుందని కొన్నిచోట్ల నాలుగున్నరకు కూడా. తొమ్మిదంగుళాల ఇటుక గోడ వేడిని ఆరేడు గంటలే నిలపగలదు. సాయంత్రం నాలుగింటి ఎండ రాత్రి పదీ పదకొండుకు, సరిగ్గా మంచం వాల్చే వేళకు, గదిలోకి దిగుతుంది. రెంటచింతల పేరు వేసవి వార్తల్లో ఏటా వినే పల్నాడులో ఇది చిన్న బాధ కాదు.

కోల్డ్ స్టోరేజీది వేరే వంశం. పాతతరం వాటిలో మన దేశమంతటా రెండు గోడల నడుమ వరి ఊక కూరేవారు. అంటే మట్టిగోడలో కలిపిన ఊకే ఇక్కడ ఒంటరిగా పనిచేసింది. చెమ్మ తగిలితే ఊక కుళ్ళుతుంది, కుంగుతుంది, ఎలుకలు చేరతాయి. దాని స్థానంలోకి వచ్చిందే థర్మాకోల్. జర్మనీలో బీఏఎస్ఎఫ్ కంపెనీ రసాయనవేత్త ఫ్రిట్జ్ స్టాస్ట్నీ 1949 ప్రాంతంలో పాలిస్టైరీన్ గింజల్ని మరమరాల్లా ఉబ్బించే దారి కనిపెట్టాడు. అందులో దాదాపు అంతా గాలే. 1950ల్లోనే అక్కడివాళ్లు ఆ పలకల్ని ఇళ్ల వెలుపలి గోడలకు అంటించి, మీద జాలీ పరిచి, పల్చని పూత వేయడం మొదలుపెట్టారు. 1973 చమురు సంక్షోభంతో అది యూరప్‌లో చాలాచోట్లకు పాకింది. వాళ్లకు చలి, మనకు ఎండ. గోడకు మాత్రం ఆ తేడా తెలియదు.

మన ప్రభుత్వాల చూపు ఇటు పడడానికి చాలాకాలం పట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014లో పెద్ద వాణిజ్య భవనాలకు ఇంధన పొదుపు నిబంధనలు తెచ్చింది. 2018లో కేంద్రం ‘ఎకో నివాస్ సంహిత’ పేరుతో గోడలూ కిటికీలూ కలిపి లోపలికి వచ్చే వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదంది. అదీ కొత్తగా కట్టే ఇళ్ల సంగతే. పాత డాబా ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఆ పాత డాబాకు ఇప్పుడు జరుగుతున్నది ‘ఎలివేషన్’ మార్పు. పెచ్చులూడిన ప్లాస్టరింగ్ కొట్టేసి టైల్సో, చీమకుర్తి గ్రానైటో అతికిస్తారు. చీమకుర్తి గెలాక్సీ రాయి అందం గురించి వాదించను గానీ, రాయి ఇటుక కంటే తొందరగా వేడిని దాటిస్తుంది, నల్లరాయి ఎండను మరింత తాగుతుంది. లక్షలు పోసి గోడకు నల్ల చొక్కా తొడుగుతున్నాం. పరంజా ఎలాగూ కట్టారు, పూత ఎలాగూ ఊడగొట్టారు. ఆ అదనులోనే రెండంగుళాల థర్మాకోల్ పలక వెలుపల అతికించి, ప్లాస్టిక్ మేకులు దించి, ఫైబర్ జాలీ మీద పూత పూస్తే తొమ్మిదంగుళాల గోడ దాటించే వేడి దాదాపు నాలుగోవంతుకు పడిపోతుంది. అలాంటి పలక మీద గ్రానైట్ మాత్రం అతకదు, బరువు ఆగదు. రాయే కావాలంటే దానికి వేరే ఇనుప ఆసరా ఉండాలి. లోపలివైపు కంటే వెలుపలే మేలు, ఎందుకంటే ఇటుక గోడ అంతా నీడపట్టున ఉండి గది చల్లదనాన్ని దాచుకుంటుంది. ఎలుక, చెద థర్మాకోల్‌ను తొలిచేస్తాయి కాబట్టి నేలకు ఆనించకుండా కొంత ఎత్తు నుంచి మొదలుపెట్టి, అంచుల్ని జాలీతో మూయాలి.

 

ఈ పలకలతో నిప్పు మాట తేలిగ్గా దాటేది కాదు. లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అనే పాత భవనానికి ఇలాగే వెలుపల కొత్త తొడుగు వేశారు. మండే రకం పలకలు వాడారు. 2017 జూన్ 14న అంటుకున్న మంటల్లో 72 మంది చనిపోయారు. థర్మాకోల్ కూడా మండేదే. కనుక ఒకటి రెండు అంతస్తులు దాటిన ఇంటికీ, ఏ ఇంట్లోనైనా వంటగది కిటికీ చుట్టూ, రాతిని కరిగించి నూలులా తీసే రాక్‌వూల్ పలక వాడాలి. దాని ధర ఎక్కువ. డబ్బు చాలకపోతే ముందు శ్లాబు పైన తెల్లపూత, తర్వాత పడమటి గోడ, ఆ తర్వాత తూర్పుది. దక్షిణపు గోడను ఆఖరికి వదిలేయొచ్చు. మన దగ్గర వేసవిలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, దానిమీద ఎండ పడేది తక్కువే.